పేగుకు పట్టిన తుప్పు

కడుపుమంట అనే మాటను మనం ఈర్ష్యకు వాడతాం. ఖరగ్‌పూర్‌లో రైల్వేవాళ్ళ పిల్లలు చదివే తెలుగు బడిలో టీచర్ని కనుక, ఆ జాతీయాన్ని బోర్డు మీద రాసి, సొంతవాక్యంలో వాడమని ఎన్ని తరగతులనో వేధించాను. ఆ పిల్లల ఉసురు తగిలిందో ఏమో, చివరికి నా సొంతవాక్యం నేనే రాసుకోవాల్సి వచ్చింది. నాకు ఎవరి మీదా కడుపుమంట లేదు. ఉన్నదల్లా అసలు సిసలు కడుపుమంటే.

పెద్దపేగు లోపలి గోడ మంటెక్కి, పుండ్లు పడి, నెత్తురు కారుతూ, కొన్నాళ్ళు తగ్గినట్టే తగ్గి మళ్ళీ తిరగబెట్టే జబ్బు ఇది. అల్సరేటివ్ కొలైటిస్ అంటారు. పేరు పలకడం వచ్చేసరికే నాకు సగం బలం పోయింది. గండం గడిచిందని డాక్టరమ్మ చెప్పాక, ఇది మొదలుపెట్టాను. కొంత నన్ను నేను కూడదీసుకోవడానికి, కొంత ఇలాంటి జబ్బును చీరకొంగు చాటున దాచుకుని తిరిగేవాళ్ళ కోసం. బాత్రూం సంగతులు పత్రికలో ఏమిటని మొహం చిట్లించేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. నాకా సౌకర్యం లేకపోయింది.

మొదటి వానాకాలం

అప్పటికి మా అమ్మాయి లత ఒకటో తరగతి. పూరీ గేట్ దగ్గర మా క్వార్టరు. ఇంట్లో నేను, లత, రైల్వే వర్క్‌షాపులో పనిచేసే నా భర్త నూకరాజు, ఆయన తల్లి. ఆవిడ మా నాన్నకు సొంత అక్క. అంటే మేనత్తే అత్తగారు, మేనబావే మొగుడు. పుట్టింటికీ అత్తింటికీ తేడా లేకపోవడంతో అలిగి వెళ్ళడానికి నాకు చోటంటూ మిగల్లేదు.

వానలు పడుతున్న రోజుల్లో మొదటిసారి నెత్తురు కనబడింది. మొలలు కాబోలు అనుకుని ఊరుకున్నాను. తరువాత పాఠం మధ్యలో లేచి పరుగెత్తాల్సిన రోజులు వచ్చాయి. పిల్లలకు ఎక్కాలు అప్పజెప్పి వెళ్ళేదాన్ని. నేను తిరిగి వచ్చేసరికి వాళ్ళు ఇరవయ్యో ఎక్కంలో ఉండేవాళ్ళు. ఆ ఏడాది ఎక్కాల్లో మా తరగతిని మించినది బడిలో లేదు. హెడ్‌మాస్టరు మెచ్చుకుంటే తల వంచుకుని నిలబడ్డాను.

ఇంట్లో అత్త కనిపెట్టింది.

"ఏటే సత్తీ, అస్తమానూ ఆ గది కేసి పరుగెడతన్నావు. ఏటయినాది?"

"ఏటీ లేదత్తా. సేపల పులుసు పడలేదు."

"సేపలు వండి వారం అయినాది. ఇంకా నీ కడుపులో ఈదతన్నాయేటి?"

అప్పుడు చెప్పేశాను. అత్త వచ్చి నా వీపు మీద చెయ్యి వేసింది. తరువాత గుమ్మం వైపు చూసి, గొంతు తగ్గించి, "ఎవులికీ సెప్పకే. కడుపు జబ్బంటే ఇంటిల్లిపాదికీ ఉందనుకుంటారు" అంది. ఆ మాట అన్నది నా పరువు కోసమే. కానీ అంతసేపూ నా వీపు నిమురుతూనే ఉంది. నోటితో దాచమని, చేతితో దాచుకోకమ్మా అన్నట్టు ఉండింది ఆవిడ పద్ధతి.

బావ మాత్రం ఆ సాయంత్రమే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆ డాక్టరు చూసి కలకత్తా పెద్దాసుపత్రికి రాసిచ్చాడు. హౌరాకు పోయే లోకల్ బండ్లలో బాత్రూం ఉండదు. రైల్వే కుటుంబంలో పుట్టి, రైల్వే కుటుంబంలో మెట్టి, బాత్రూం ఉన్న బండి ఏదని టైంటేబిలు తిరగేసిన మొదటి ఆడదాన్ని నేనే అయ్యుంటాను. ఎక్స్‌ప్రెస్‌లో తలుపు పక్క సీటు దొరికితే పండగ చేసుకునేవాళ్ళం. అందరూ కిటికీ సీటు కోసం కొట్టుకుంటే మేం కంపు సీటు కోసం.

కలకత్తా ఆసుపత్రిలో ఒక పెద్ద హాలు, ఇనుప కుర్చీల వరసలు, శబ్దం లేని టీవీ. నా పక్కన ఒక బెంగాలీ ముసలావిడ కూర్చుంది. నేను లేచిన ప్రతిసారీ నా కుర్చీలో తన గొడుగు పెట్టి కాపలా కాసేది. ఏ జబ్బని అడగలేదు. ఇంకోసారి లేవడానికి నేను మొహమాటపడుతుంటే, "జావ్ మా, ఆమి ఆఛి" అంది. వెళ్ళమ్మా, నేనున్నాను అని. అంతకు మించి ఆవిడ నాతో ఏమీ మాట్లాడలేదు. ఆ తరువాత ఎంతోమంది ఎన్నో ధైర్యాలు చెప్పారు గాని, గొడుగంత పనికొచ్చిన ధైర్యం ఇంకోటి లేదు.

గొట్టం వేసి చూసి, ముక్క తీసి పరీక్షకు పంపి, రెండోసారి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి హిందీలో చెప్పింది. ఒంట్లో కాపలా కణాలు ఉంటాయట. క్రిములు చొరబడితే వాటి మీద ఆక్సిజన్‌తో తయారైన నిప్పులాంటిదాన్ని చల్లుతాయట. పని కాగానే ఆపేయాలి. నా పేగులో అవి ఆపడం లేదు. శత్రువు లేకపోయినా చల్లుతూనే ఉన్నాయి. కాలిపోతున్నది సొంత గోడ. ఆ నిప్పును ఆర్పే సరుకు కూడా ఒంట్లోనే ఉంటుందట గాని, నాకది చాలడం లేదు. ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటారంది.

నేను బడిలో ఆక్సిజన్‌ను ప్రాణవాయువు అని చెబుతాను. ప్రాణం పోసేదానికి ప్రాణం తోడేసే తీరిక ఎప్పుడు దొరికిందా అని ఆలోచనలో పడ్డాను. బావకు ఏమీ ఎక్కలేదని ఆయన కనుబొమలే చెబుతున్నాయి. డాక్టరమ్మ అది గమనించి, "మీరేం పని చేస్తారు?" అని అడిగింది. పాత బోగీల రేకులు మరమ్మతు చేస్తానన్నాడు.

"అయితే మీకు నాకంటే బాగా అర్థమవుతుంది. ఇనుమును తినేదీ ఆక్సిజనే కదా. మీ ఆవిడ పేగుకు తుప్పు పడుతోంది అనుకోండి. ఏళ్ళ తరబడి అలా పడుతూ పోతే కణాల లోపలి రాత చెదిరిపోతుంది. క్యాన్సర్‌కు దారి అక్కడే. అందుకే మందులు మానకూడదు. ఏడెనిమిదేళ్ళు దాటాక, ఒంట్లో బాగున్నా సరే, ఏటా లోపల చూడాలి."

ఆ రోజు మొదటిసారి బావ మొహం విప్పారింది. తుప్పు ఆయనకు తెలిసిన మాట. గొడవంతా అక్కడే మొదలైంది.

విశ్వకర్మ పూజ

విశ్వకర్మ పూజ రోజున వర్క్‌షాపు గేట్లు ఇళ్ళవాళ్ళకు తెరుస్తారు. యంత్రాలకు బంతిపూల దండలు, ఆకాశం నిండా గాలిపటాలు, ఒక్కో షాపులో, అంటే వర్క్‌షాపులోని ఒక్కో విభాగంలో, ఒక్కో కిచిడీ. ఏడాదంతా మసిగుడ్డలతో కనబడే మగవాళ్ళు ఆ రోజు తెల్లబట్టల్లో పెళ్ళికొడుకుల్లా తిరుగుతారు. బావ పనిచేసే షాపులో బెంచీల మీద ఆకులు వేసి వడ్డించారు. నేను కిచిడీలో పప్పు పక్కకు నెట్టి అన్నం కెలుకుతుంటే ఆయన పైవాడు మండల్ దా, పక్క బెంచీ మీద పనిచేసే అప్పారావు, ఏమైందని అడిగారు. అత్త ఎవరికీ చెప్పొద్దన్న సంగతిని ఆవిడ కొడుకు అక్కడే, కిచిడీ గరిటె చేత్తో పట్టుకుని, షాపు షాపంతటికీ చెప్పేశాడు.

"డాక్టరమ్మ తుప్పంది. పేగుకి తుప్పట."

మెకానిక్కులందరూ ఆకులు వదిలి దగ్గరికి జరిగారు. నా పేగును అంత శ్రద్ధగా అంతవరకూ ఎవరూ ఆలకించలేదు.

"తుప్పు పడితే గీకాల" అన్నాడు అప్పారావు.

"అన్నియ్యా, నాను ఇక్కడే ఉన్నాను" అన్నాను.

మండల్ దా తల అడ్డంగా ఊపాడు. పాతికేళ్ళు తెలుగువాళ్ళ మధ్య పనిచేసిన బెంగాలీ మనిషి, మాకందరికీ దా, అంటే అన్న; మా మాట బాగానే వస్తుంది. "గీకేది పెద్ద రేకుకి. సిన్న పార్టులకి గీకుడు లేదు. యాసిడ్ తొట్టెలో నానబెడితే సాఫ్. బౌదీకి యాసిడ్ పోయలేం గదా, ఖట్టా పోద్దాం. తెతుల్."

ఖట్టా అంటే పులుపు, తెతుల్ అంటే చింతపండు, బౌదీ అంటే వదిన, అంటే నేను.

"అదీ మాట" అన్నాడు అప్పారావు. "ఇత్తడి సెంబుకి సిలుం పడితే సింతపండు రుద్దితే ఒక్క దెబ్బకి పోతాది. పేగు సెంబు కన్నా గట్టిదేటి?"

బావ నావైపు చూశాడు. చాలా రోజుల తరువాత ఆయన కళ్ళలో భయం లేదు. ఆ కళ్ళు చూసి నేను కాదనలేకపోయాను. తెలుగులో తుప్పుకూ తప్పుకూ మధ్య ఉన్నది ఒక్క కొమ్ము. ఆ కొమ్ము ఆ మధ్యాహ్నం విరిగిపోయింది.

అలా మొదలైంది. డాక్టరమ్మ మాత్రలు ఒక పక్క, గోల్‌బజార్ నుంచి తెచ్చిన కొత్త చింతపండు ఇంకో పక్క. పొద్దున్నే ఉసిరి రసం, మధ్యాహ్నం చిక్కటి చారు, గోంగూర, సాయంత్రం నిమ్మనీళ్ళు. డ్యూటీ నుంచి వచ్చి, చేతుల మసి సబ్బుతో రుద్దుకుని, బావే స్వయంగా పిసికి, గుడ్డలో వడగట్టి ఇచ్చేవాడు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఎదురుగా నిలబడేవాడు. ప్రేమ అంత పుల్లగా ఉంటుందని నాకు అంతవరకూ తెలియదు. అత్త కూడా కలిసింది. "ఇంత తాగితే రైలింజనే మెరుస్తాది, నువ్వెంత" అనేది.

దుర్గా పూజలు వచ్చేసరికి నేను కలకత్తా ఆసుపత్రి మంచం మీద ఉన్నాను. నెత్తురు, జ్వరం, కడుపులో ఎవరో తడిగుడ్డ పిండినట్టు నొప్పి. బయట వీధిలో పూజ డప్పులు మోగుతుంటే ప్రతి దెబ్బా పొట్టలో వినిపించేది. లత చిన్నపిల్ల, పందిళ్ళు చూడాలని ఏడుస్తుంటే అత్త దానికి కొత్త గౌను వేసి ఎవరి వెంటో పంపిందట. ఆ సంగతి తెలిసి నాకు దుఃఖం ఆగలేదు. పేగు కన్నా పేగుబంధం ఎక్కువ నొప్పి పెట్టింది.

ఏమేం తిన్నారని డాక్టరమ్మ అడిగితే బావ దాచకుండా అంతా చెప్పాడు, షాపులో అందరూ కలిసి ఆలోచించిన సంగతితో సహా. ఆవిడ మొదట నవ్వింది. ఆయన మొహం చూసి నవ్వు ఆపేసింది.

"చూడండి. ఆ పులుపు పేగును కడగదు, తుప్పూ వదలదు. తుప్పు అన్నది నేను పోలికకు చెప్పాను. ఈ తిరగబెట్టడం మీ చింతపండు వల్లే వచ్చిందని కూడా చెప్పలేను. ఈ జబ్బు కారణం లేకుండానే వస్తుంది. కాకపోతే పుండు మీద పులుపు పోస్తే ఊరుకుంటుందా?"

చెప్పిన వాటిలో ఆఖరి వాక్యం ఒక్కటే ఆయన చెవికెక్కింది. మిగిలినవి నేను ఎన్నిసార్లు గుర్తుచేసినా ఎక్కలేదు. ఆ రోజునుంచి నా ఒంటి విషయంలో ఆయన నోరు మూతపడింది. "ఏటి తిననూ బావా?" అంటే "నువ్వేటంటే అదే." "ఈ మాత్ర వేడి సేస్తందా?" అంటే "డాక్టర్నడుగు." ఊళ్ళో ఎవరి సైకిలు చెడినా, ఎవరి ఫ్యాను ఆగినా సలహా ఇవ్వకుండా ఉండలేని మనిషి, నా దగ్గరికి వచ్చేసరికి పరీక్ష హాలులో పిల్లాడిలా అయిపోయేవాడు. షాపులోనూ నా పేగు ప్రస్తావన తేవద్దని అందరికీ చెప్పేశాడట. మండల్ దా భార్య చేతికి ఆపిల్ పళ్ళిచ్చి పంపాడు గాని, తను మాత్రం చాలా కాలం మా గుమ్మం తొక్కలేదు.

స్టెరాయిడ్ మాత్రలతో జబ్బు లొంగింది. మొహం మాత్రం పూర్ణచంద్రుడిలా ఉబ్బింది. గోల్‌బజార్‌లో చీరల కొట్టు ఆయన నన్ను చూసి, "దీదీ, తబియత్ బన్ గయా" అన్నాడు. ఒళ్ళు బాగుపడింది అని. జబ్బుపడితే మెచ్చుకున్నవాడు ఆయనొక్కడే కనుక ఆ కొట్టులోనే చీర కొన్నాను.

బాగున్న ఏళ్ళు

తరువాత మంచి రోజులు వచ్చాయి. మంచి రోజుల గురించి రాయడానికి ఏమీ ఉండదు, వాటి మంచితనం అదే. మాత్రలు వేసుకున్నాను, పాఠాలు చెప్పాను, కరోనాలో ఫోనుకు అక్షరాలు నేర్పాను. అప్పుడప్పుడు చిన్నగా తిరగబెట్టేది, మళ్ళీ సర్దుకునేది. లత నాకన్నా పొడుగైంది.

డాక్టరమ్మ చెప్పిన ఏడెనిమిదేళ్ళ గడువు రాగానే ఏటా పరీక్ష మొదలైంది. ముందురోజు పేగు కడుక్కోవడానికి ఒక ఉప్పునీళ్ళ మందు కడవలకొద్దీ తాగాలి. మా ఇంటి వాకిలి కూడా అంత శుభ్రంగా ఎప్పుడూ లేదు. అత్తకు ఇది అస్సలు నచ్చేది కాదు.

"బాగున్న కడుపులో గొట్టం ఎట్టించుకుంతావేటే? లేనిది వెతికితే దొరక్క మానతాదా?"

నిజం చెప్పాలంటే నాకూ అలాగే అనిపించేది. బాగున్నప్పుడు ఆసుపత్రికి వెళ్ళడం కన్నా కష్టమైన పని లేదు. నొప్పి ఉంటే కాళ్ళు వాటంతటవే నడుస్తాయి. నొప్పి లేనప్పుడు కాళ్ళకు ఎన్ని పనులో గుర్తొస్తాయి. బావ ఒక్క మాటా అనేవాడు కాదు. ఏటా అదే రోజుల్లో సెలవు పెట్టి, టికెట్లు తెచ్చి, దేవుడి గూట్లో పెట్టేవాడు. దేవుడి గూట్లో పెట్టినదాన్ని చించడానికి నాకు ధైర్యం చాలేది కాదు. ఈ జబ్బు ఉన్నవాళ్ళకు నేను చెప్పగలిగిన మాట ఇదొక్కటే: బాగున్నప్పుడే వెళ్ళండి. నాకు అది ప్రాణంతో సమానమైంది.

ఈ చలికాలం

ఈ చలికాలం పరీక్షలో డాక్టరమ్మ గొట్టం ఒకచోట ఆపింది. మత్తులో ఉన్నా తెర మీద కనబడింది. గులాబీ రంగు గోడ మీద, ఉబ్బెత్తు కూడా లేని, కొంచెం గరుకైన మచ్చ. పలక మీద సరిగ్గా చెరగని అక్షరంలా ఉంది. ముక్కలు తీసి పంపించారు. ఫలితం వచ్చేదాకా ఆగాలి.

ఆ ఆగడం గురించి చెప్పాలి. బడికి వెళ్ళాను, దిద్దాను, వండాను. ఒక పొద్దున్న లత చేతిలోంచి పళ్ళెం జారి పడితే దాన్ని పట్టుకుని ఎంతలేసి మాటలన్నానో. అది ఏడవలేదు. ముక్కలు ఏరుతూ, "అమ్మా, క్యాన్సరైతే అయినాదని సెప్పు. నా మీద అరవకు" అంది. అప్పటిదాకా మా ఇంట్లో ఆ మాట పలికినవాళ్ళు లేరు. నేను కూడా దానితో పాటు నేల మీద కూర్చుని ముక్కలు ఏరాను.

ఫలితం చెప్పడానికి డాక్టరమ్మ మా ఇద్దరినీ పిలిచింది. ఇంకా క్యాన్సర్ కాదు, కాని గడప దాకా వచ్చింది అంది. మచ్చ ఉన్నచోటే కాక, మంచిగా కనబడుతున్న ఇంకో చోట తీసిన ముక్కలోనూ కణాలు మారడం మొదలైంది. దారులు రెండు. ఒకటి, గొట్టంతోనే మచ్చ వరకు తీసేసి, కొన్ని నెలలకోసారి మళ్ళీ మళ్ళీ చూస్తూ ఉండడం. రెండోది, పెద్దపేగు మొత్తం తీసేయడం. అప్పుడు చిన్నపేగు కొసను పొట్ట మీదకు తెచ్చి, దానికి మలం చేరే ఒక సంచి తగిలిస్తారు. తను రెండోదానివైపే మొగ్గుతానంది. కాని ఇది మీ శరీరం, ఇంటికి వెళ్ళి ఆలోచించుకోమంది.

సంచి అన్న మాట దగ్గరే నా బుద్ధి ఆగిపోయింది. బల్ల ముందు నిలబడి పాఠం చెబుతుంటే పొట్ట మీద సంచి. చీర కుచ్చిళ్ళ కింద సంచి. ఆ మాట చావు కన్నా దగ్గరగా, స్పష్టంగా కనబడింది. చావును ఎప్పుడూ చూడలేదు, సంచులు రోజూ చూస్తాం కదా.

అత్త తేల్చి చెప్పేసింది. "సిన్నదే సేయించుకో. మచ్చ ఉంటే మచ్చ తీస్తారు, ఒళ్ళంతా కోసుకుంతారేటి? పేగు లేకుండా మనిసి ఎలగ బతుకుతాది? నా తమ్ముడు నిన్ను నా సేతుల్లో ఎట్టినాడు. వోడికి నానేటి సెప్పాల?" మా నాన్న పోయి చాలా ఏళ్ళయింది. అయినా అత్త రోజూ ఆయనకు జవాబు చెప్పుకుంటూనే ఉంటుంది.

లత నెట్‌లో చదివి రెండోదే మంచిదంది, మరి కాసేపటికి ఇంకేదో చదివి మొదటిదే మంచిదంది, ఆఖరికి ఫోను పక్కన పడేసి దుప్పటి ముసుగుపెట్టుకుంది.

మరుసటి సాయంత్రం వర్క్‌షాపు సైరన్ మోగాక బావ ఇంటికి వచ్చాడు. వరండాలో బూట్లు విప్పుతుంటే పక్కన కూర్చున్నాను.

"బావా, నువ్వు సెప్పు. ఏటి సేద్దాం?"

బూటు తాడు చాలాసేపు విప్పాడు.

"మీ షాపులో ఐతే ఏటి సేస్తావు? ఒకచోట మచ్చొచ్చినాదనుకో."

"షాపులో ఐతే నాకు బయం ఉండదు, సత్తీ. ఒక బోగీ పోతే ఇంకో బోగీ ఒస్తాది."

"మరి నా సంగతి?"

"నువ్వేటంటే అదే."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన నన్ను చూడలేదు. వీధిలో పోతున్న ఖాళీ రిక్షాను, అది మలుపు తిరిగేదాకా చూశాడు. ఇన్నేళ్ళలో ఆ మొహం నాకు కంఠతా వచ్చు. నేను మళ్ళీ అడగలేదు.

పరీక్ష కాగితాలు ముందేసుకుని ఎర్రసిరా పెన్నుతో దిద్దుతూ కూర్చున్నాను. నాకొక అలవాటుంది. ఒక పేజీలో తప్పు దొరికితే ఆ పేజీని మళ్ళీ మొదటినుంచి చదువుతాను. ఎందుకంటే నా కళ్ళ సంగతి నాకు తెలుసు. ఒక తప్పు పట్టుకున్నామన్న సంబరంలో పక్కనే ఉన్నదాన్ని వదిలేస్తాయి. డాక్టరమ్మ మచ్చను చూసింది కనుక తీస్తానంది. రెండోచోట మారిన కణాలను ఆవిడ కళ్ళతో చూడలేదు. ఊరికే తీసిన ముక్కలో దొరికాయి. ముక్క తీయనిచోట ఏముందో ఎవరు దిద్దుతారు? అది తేలేదాకా, కొన్ని నెలలకోసారి, నేను మళ్ళీ లత మీద పళ్ళేల కోసం అరుస్తూ బతకాలి. పెన్ను మూత పెట్టి లోపలికి వెళ్ళి, "మొత్తం తీయించేసుకుంతాను" అన్నాను.

అత్త ఆ రోజు అన్నం తినలేదు. బావ తలూపాడు, అంతే. లత వచ్చి నా ఒళ్ళో తల పెట్టుకుంది, కడుపుకు తగలకుండా.

ఆపరేషన్ తరువాత

ఎదుట లేనివాళ్ళ గురించి మాట్లాడితే చాడీ అవుతుంది. కాబట్టి నా పెద్దపేగు గురించి ఇకమీదట మంచే చెప్పాలి. పాపం, చేతనైనన్నాళ్ళు పనిచేసింది.

మెలకువ వచ్చాక మొదటి రోజుల్లో పొట్టవైపు చూడలేదు. నర్సు సంచి మార్చేటప్పుడు కిటికీ వైపు మొహం తిప్పుకునేదాన్ని. మూడోసారో నాలుగోసారో ఆ అమ్మాయి బెంగాలీలో, "దీదీ, దీనికి మీతో పరిచయం కావాలి" అంది. తల తిప్పి చూశాను. పొట్ట మీదకు తెచ్చిన చిన్నపేగు కొస ఎర్రగా, తడిగా, పసిపిల్ల పెదవిలా ఉంది. ఏదో గుడగుడమంది. అసహ్యం వేస్తుందనుకున్నాను. వేయలేదు. పరాయి ఇంట్లో పసిపిల్లను చూసినట్టు ఒక రకమైన మొహమాటం వేసింది.

ఇంటికి తెచ్చాక సంచి మార్చడం అత్త నేర్చుకుంది. ఎవరికీ చెప్పొద్దన్న అత్త. కళ్ళద్దాలు పెట్టుకుని, అంచులు కత్తిరించి, అంటించి, చుట్టూ వేలితో నొక్కి, "మీ బావకి సిన్నప్పుడు గుడ్డలు మార్సినాను. ఇదేటి పెద్ద" అనేది. నాకు సిగ్గువేస్తే, "కళ్ళు మూసుకో, నానూ మూసుకుంతాను" అనేది. ఇద్దరం కళ్ళు మూసుకుంటే పని ఎలా జరుగుతుందత్తా అంటే నవ్వేది. మండల్ దా వచ్చాడు. గుమ్మంలో నిలబడి, చేతిలో సంచీ వెనక్కి దాచుకుని, "బౌదీ, తీపి తెచ్చాను. ఖట్టా కాదు, కసమ్" అన్నాడు. కుట్లు నొప్పి పెట్టేలా నవ్వాను.

ఆ నవ్వుల కింద అందరం ఒక్కదానికోసమే ఎదురుచూస్తున్నాం. తీసిన పేగును అంగుళం అంగుళం పరీక్షించి ఫలితం చెప్తామన్నారు.

ఆ రోజు బావా నేనూ వెళ్ళాం. డాక్టరమ్మ కాగితం మీద చెయ్యి పెట్టి కూర్చుంది. మచ్చ ఉన్నచోట తాము అనుకున్నదే ఉందట. కాని దానికి చాలా దూరంగా, పైకి ఏమీ తేడా లేనిచోట, గొట్టంలోంచి ఎన్నిసార్లు చూసినా కనబడనిచోట, చిన్న క్యాన్సర్ అప్పటికే ఉందట. గోడ దాటలేదు. గ్రంథుల్లోకి పాకలేదు. పేగుతో పాటు అదీ వచ్చేసింది.

"ఇంకే మందూ అవసరం లేదు. చూపించుకుంటూ ఉండండి" అని కాసేపు ఆగి, "మచ్చ ఒక్కటే తీసి ఉంటే అది లోపలే ఉండిపోయేది" అంది.

బయటికి వచ్చాక హాల్లో కుర్చీలో కూర్చున్నాను. అది సంతోషమో భయమో నాకు తెలియలేదు. తమకు అందకుండా పోయిన బండి పట్టాలు తప్పిందని విన్నవాళ్ళకు ఇలాగే ఉంటుందేమో. బావ పక్కన కూర్చుని రెండు చేతులూ మోకాళ్ళ మధ్య ఇరికించుకున్నాడు. పేర్లు పిలుస్తున్నారు, జనం లేస్తున్నారు, కూర్చుంటున్నారు. నేల వైపే చూస్తూ అన్నాడు.

"ఆ రోజు అడిగినావు గదా, సత్తీ. ఏటి సేద్దామని."

"ఊఁ."

"నాను సెప్పలేదు. సెప్పుంటే సిన్నదే సేయించుకోమందును. మొత్తం తీయించొద్దని నోటిదాకా ఒచ్చినాది."

"తెలుసు బావా. అందుకే మళ్ళీ అడగలేదు."

ఆయన తలెత్తి నన్ను చూశాడు.  అప్పుడే ఎవరో కుర్చీ కోసం ఎదురుచూస్తున్నట్టు కనబడితే ఇద్దరం లేచాం. నాకున్న రెండు సంచుల్లో తను మోయగలిగినదాన్ని భుజాన వేసుకున్నాడు. రెండోదాని కోసం, నా నడకకు సరిపడా తన నడక తగ్గించాడు.